గోడకవతల దిబ్బ, గోడకివతల ఫోను

కాదండీ, "పాత గోడ అన్నాక ఆ మాత్రం చెమ్మ ఉండదా" అని మీరు కూడా అనొద్దు. ఆ మాట అన్నవాళ్ళందరినీ విన్నాను. మా అత్తగారు అన్నారు, మామగారు అన్నారు, సున్నం కొట్టడానికి వచ్చినవాడు కుంచె నీళ్ళలో ముంచుతూ అదే అన్నాడు. ఆ మాత్రం అంటే ఎంత? వీపు ఆనించి కూర్చుంటే రవిక తడిసిపోయేంత. మేకుకు తగిలించిన క్యాలెండరు ఉబ్బి, వేయించిన అప్పడంలా వంకర తిరిగేంత. గోడ వారన మడిచిపెట్టిన గోనెసంచుల కింద పుట్టగొడుగులు లేచేంత. అంత నీళ్ళున్నదాన్ని గోడ అనడం నాకిష్టం లేదు. నిలబెట్టిన చెరువు.

పైగా అందరూ నాకు శాంతం బోధించేవాళ్ళే. ఎండాకాలంలో గది చల్లగా ఉంటుందని ఒకరు. చెమ్మ ఉన్న ఇంట్లో లక్ష్మి నిలుస్తుందని ఇంకొకరు. లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ జెర్రులు మాత్రం నిలిచాయి.

అరవైల మొదట్లో మాట ఇది. నేను బెంగళూరులో పుట్టి, బెంగళూరులో పెరిగి, పెళ్ళయి చింతామణికి వచ్చిన కొత్త. మామగారిది చింతపండు మండీ. మండీ బజారులో, ఇల్లు పేటలో. వ్యాపారం కోసమని ఇంటి ముందు గదిలో ఫోను పెట్టించుకున్నారు. గోడలో ఒక గూడు, గూటిలో చిన్న పీట, పీట మీద నల్లటి ఫోను. మా వీధి మొత్తానికీ అదొక్కటే. మంచి సంబంధమని నన్నిచ్చారని మా నాన్న చెప్పుకుంటాడు. ఆ ఇంట్లో ఫోనుందని తెలిశాకే నేను తలూపానని మా అమ్మ చెప్పుకుంటుంది. ఇద్దరూ అబద్ధమాడలేదు.

మా ఆయనకు బాగేపల్లిలో ఉద్యోగం, తాలూకా కచేరీలో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సు దిగుతాడు, సోమవారం పొద్దున బస్సెక్కుతాడు. మధ్యలో వీలున్న సాయంత్రాలు పోస్టాఫీసు నుంచి ఫోను చేస్తాడు. ఏ సాయంత్రం వీలుంటుందో ముందు తెలియదు కాబట్టి నేను రోజూ ఆ గూటి కిందే ఉండేదాన్ని. కూరగాయలు అక్కడే తరిగేదాన్ని, జడ అక్కడే అల్లుకునేదాన్ని. ఆయన చేయని రోజున మా అమ్మకు చేసేదాన్ని. అమ్మ దొరకకపోతే ఊరికే తీసి, "లైను సరిగా ఉందా?" అని ఎక్స్ఛేంజివాళ్ళను అడిగేదాన్ని.

"ఏమ్మా, ఆ ఫోను చేతిలో పట్టుకొనే పుట్టినావా?" అనేవారు అత్తగారు. "కింద పెడితే పారిపోతాదా అది?"

పారిపోతుందేమోననే నా భయం కూడా. ఎందుకంటే ఆ గూడున్న గోడే ఈ తడిగోడ. వైరు గోడను అంటుకొని వస్తుంది, చిన్న చెక్కపెట్టెలో దూరుతుంది, అక్కడ నుంచి ఫోనులోకి. చెమ్మ కూడా అదే దారి పట్టింది. వానలు వెళ్ళాక కూడా గోడ ఆరలేదు. ఫోను ఎత్తితే మూకుట్లో ఆవాలు చిటపటలాడుతున్నట్టు చప్పుడు. మా ఆయన గొంతు మొదలే చిన్నది. కచేరీలో పై అధికారి ముందు మాట్లాడి మాట్లాడి అలా అయిపోయిందని నా అనుమానం. ఆ గొంతు ఆవాల్లో పడి మాడిపోయేది.

పోనీ, నాకు వినిపించకపోతే ఎవరికీ వినిపించకుండా ఉంటే బాగుండును. లోపం మా గోడలో కాబట్టి, మధ్యలో కూర్చున్న చిక్కబళ్ళాపురం ఆపరేటరుకు అంతా గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఆయన పెద్దమనిషి. మా అవస్థ చూడలేక, ఆవాల చప్పుడును కూడా మించే తన పెద్ద గొంతుతో మాటలు అందించడం మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ ఆయన బాగుండావా అని అడుగుతాండాడు."

"బాగుండానని చెప్పండి."

"చెప్తినమ్మా. అన్నం తింటివా అంటాండాడు."

"ఈ సాయంత్రం పూట అన్నం ఎవరు తింటారో అడగండి."

కాసేపు చిటపట.

"అడిగితినమ్మా. ఊరికే అడిగినాడంట."

"ఇంకేమంటున్నాడు?"

మళ్ళీ చిటపట. తర్వాత ఆపరేటరు గొంతు సవరించుకున్నాడు.

"ఇంగోటి ఏందో అంటాండాడమ్మా. అది నేను చెప్తే బాగుండదు. శనివారం వచ్చినప్పుడు ఆయప్పనే చెప్పమంటా."

ఇదండీ మా కొత్త కాపురం. ఇద్దరం మాట్లాడుకుంటాం, ముచ్చట ఆపరేటరుది. శనివారం మా ఆయన వచ్చాక ఆ ఇంకోటి ఏమిటని నిలదీస్తే, "మర్చిపోయినానే" అన్నాడు. ఆ కోపం ఎవరి మీద చూపించాలి? గోడ మీదే కదా.

ఇంతలో మామగారికి కూడా మండింది. ఒకరోజు బెంగళూరు వ్యాపారికి చింతపండు రేటు చెప్పాలి. ఆవాల చప్పుడులో అవతలివాడికి వినిపించలేదు. మామగారు ఒకసారి చెప్పారు, రెండోసారి గట్టిగా చెప్పారు, ఆ తర్వాత లేచి నిలబడి, పంచె బిగించి, కళ్ళు మూసుకొని అరిచారు. ఎదురింటి అరుగు మీద కాళ్ళూపుతూ కూర్చున్న ఇంకో మండీ ఆసామి ఆ రేటు విని చెప్పులు కూడా తొడుక్కోకుండా బజారుకు పరుగెత్తాడు. మామగారు కళ్ళు తెరిచేసరికి అరుగు మీద చెప్పుల జత మాత్రమే ఉంది.

ఫోను పెట్టేసి గోడవైపు చూసి, నావైపు చూసి, తీర్పు చెప్పారు.

"సీజను మొదలయ్యే లోపల ఈ గోడ ఆరకపోతే ఫోను పెరికించి బజారు మండీలో పెట్టిస్తా. ఇంట్లో ఉండి ఇది ఉద్ధరిస్తాండేది ఏమీ లేదు."

బజారు మండీకి ఆడవాళ్ళు వెళ్ళరు. వెళ్ళినా, బస్తాల మధ్య, హమాలీల ముందు నిలబడి మొగుడితో మాట్లాడగలనా? ఫోను బజారుకు పోతే నాకు మిగిలేది శనివారం బస్సు ఒక్కటే. చింతకాయలు అప్పటికే చెట్ల మీద గోధుమరంగుకు తిరుగుతున్నాయి. అంటే ఎక్కువ సమయం లేదు.

ఆ రోజే మిద్దె ఎక్కి గోడ అవతల ఏముందో చూశాను.

అవతలిది చిన్నమామ పెరడు. చిన్నమామ అంటే మా మామగారి చిన్నాన్న కొడుకు. పట్టుపురుగులు మేపడం ఆయన పని. మా గోడను ఆనుకొని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఒక కొండ ఉంది. పురుగులు తినగా మిగిలిన మల్బరీ ఈనెలు, కొమ్మలు, పురుగుల పెంటికలు, తట్టలు కడిగిన నీళ్ళు, అన్నీ ఏళ్ళ తరబడి అక్కడే పడి పెద్ద దిబ్బ అయింది. మా గదిలో నేల ఎక్కడో ఉంది, దిబ్బ మా గూటి ఎత్తుకు లేచింది. దాని మీద ఒక గుమ్మడి తీగ కూడా పాకి హాయిగా కాయలు కాస్తోంది. వానలన్నీ తాగి కూర్చున్న ఆ దిబ్బ మా గోడకు చెంప ఆనించి నిద్రపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మిద్దె దిగి నేరుగా చిన్నమామ ఇంటికి వెళ్ళాను.

గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. నేను గడప దాకా వెళ్ళకముందే ఆయన నోటి మీద వేలు పెట్టుకొని ఎదురొచ్చాడు.

"మెల్లగా మా, మెల్లగా. పురుగులకు జ్వరం."

పట్టుపురుగులు పొర విడిచే ముందు ఆకు మానేసి, తల పైకెత్తుకొని, కదలకుండా ఉండిపోతాయి. దాన్నే జ్వరమంటారు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పోపు వేయరు, ఊదుబత్తి వెలిగించరు, బయటివాళ్ళను లోపలికి రానివ్వరు, గొంతెత్తి మాట్లాడరు.

"చిన్నమామా, మీ దిబ్బ మా గోడకు..." అని మొదలుపెట్టాను.

"తల్లో మల్లెపూలు పెట్టుకొనిండావు. రోంత దూరంగా నిలబడు మా. వాసన తగిలితే పురుగు చెడిపోతాది."

వీధి మధ్యలోకి జరిగాను. "మీ దిబ్బ మా గోడకు..."

"ఆడనుంచి అరిస్తే ఎట్లమ్మా? దగ్గరికి రా."

"పూలున్నాయి కదా!"

"అదీ నిజమే," అని ఆలోచించాడు.

పూలు తీసి వాళ్ళ అరుగు చివర పెట్టి దగ్గరికి వెళ్ళాను. అప్పుడు మొదలైంది మా పోట్లాట. కోపాన్ని గుసగుసల్లో చూపించడానికి మీరెప్పుడైనా ప్రయత్నించారా? నేను మా బెంగళూరు వీధిలో నల్లా దగ్గర ఎంతమందితోనో తగువు పడినదాన్ని. నా గొంతుకు ఆ వీధిలో ఒక గౌరవం ఉండేది. ఇక్కడ ఆ గొంతు పనికిరాలేదు.

"మీకు సిగ్గుండాదా?" అన్నాను గుసగుసగా.

"ఏమ్మా? వినపళ్ళేదు," అన్నాడు ఆయనా గుసగుసగా.

"సిగ్గుండాదా అని అడుగుతాండా."

"ఉండాది మా, ఉండాది. పంట దిగనీ, మాట్లాడుకుందాం."

దూరం నుంచి చూసేవాళ్ళకు ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టు కనపడి ఉంటుంది. ఇంటికి వచ్చేసరికి అత్తగారు, "మీ చిన్నమామతో బాగా కలిసిపోయినావే. ఏం మాట్లాడుకుంటిరి అంతసేపు?" అన్నారు సంతోషంగా.

పంట దిగింది. పట్టుగూళ్ళు అమ్మకానికి శిడ్లఘట్ట బస్సెక్కాయి. మాట్లాడుకుందామని వెళ్ళేసరికి వేపమండ మళ్ళీ కొత్తది కట్టి ఉంది. జంగమకోటె నుంచి తర్వాతి పంట గుడ్లు దిగాయట. ఆ ఇంట్లో పురుగులు లేని రోజే లేదు. ఒక పంటకు జ్వరం తగ్గేసరికి ఇంకో పంటకు వస్తుంది.

మామగారిని అడిగాను. "మామా, దిబ్బ ఎత్తించమని మీరైనా ఆయప్పకు చెప్పండి. మీ తమ్ముడే కదా."

మామగారు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు. "చూస్తాంలేమ్మా," అని చెప్పులేసుకొని బజారుకు పోయారు. మామూలుగా రెండు కప్పుల కాఫీ తాగితే గానీ కదలని మనిషి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

సరే, వీళ్ళెవరితోనూ పని లేదనుకున్నాను. మా బెంగళూరు ఇల్లు సిమెంటుది. అక్కడ చెమ్మ అన్న మాటే వినలేదు. మా ఆయనతో పట్టుపట్టి, ఎక్కడెక్కడో అడిగించి, కొంచెం సిమెంటు తెప్పించాను. లోపలి వైపు గోడకు నేల నుంచి నడుము ఎత్తు దాకా పూయించాను. చేత్తో తడిమితే పొడిగా, గట్టిగా, నున్నగా. ఒక వారం పాటు వచ్చినవాళ్ళందరికీ దాన్ని తట్టి చూపించాను.

మట్టిగోడలోకి వచ్చిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? సిమెంటు దాటి బయటికి రాలేక మేడ ఎక్కినట్టు పైకెక్కాయి. సిమెంటు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ నుంచి కొత్త మరక మొదలై, గూడు దాటి, అత్తగారి దేవుడి పటాల దాకా పోయింది. పటంలో వెంకటేశ్వరస్వామి ఒక పక్క ఉబ్బాడు. అత్తగారు చెంపలు వేసుకొని, "స్వామికి కూడా జలుబు చేయిస్తివి గదమ్మా" అన్నారు. ఫోను చిటపట ఆగి, ఇప్పుడు ఎవరో గడ్డివాములో నడుస్తున్నట్టు బరబర మొదలైంది. ఆపరేటరు కూడా, "ఏందమ్మా, బావిలో నుంచి మాట్లాడుతాండావా?" అన్నాడు. గోడ తప్పే అది. సిమెంటు దాని పని అది చేసింది.

ఇక మిగిలింది నిప్పు. కుంపటి నిండా బొగ్గులు రాజేసి, గూటి కింద, గోడకు బాగా దగ్గరగా పెట్టాను. గోడ నుంచి ఆవిరి లేచింది. చూడ్డానికి ఎంత సంతోషమో! రోజూ ఇలా కాస్తే సీజను లోపల ఆరిపోతుందని లెక్క వేసుకొని, బియ్యం కడగడానికి వెనక్కి వెళ్ళాను.

మా అత్తగారికి ఏదీ వృథాగా పోకూడదు. ఆ రోజు మబ్బు పట్టిందని మిద్దె మీద ఎండుతున్న మిరపకాయలు కిందికి దించారు. ముందు గదిలో చూస్తే ఎర్రటి నిప్పులు, చుట్టూ వెచ్చటి నేల. కోడలు మంచి పని చేసిందనుకొని, కుంపటి చుట్టూ మిరపకాయలు పరిచారు. కొన్ని గోడకు, కుంపటికి మధ్య సందులో కూడా సర్దారు. కుంపటి అంచు మీద కూడా పెట్టారేమో, నేను చూడలేదు. తర్వాత చూడ్డానికి కళ్ళు తెరవలేకపోయాను.

ఆ ఘాటు ఎలా చెప్పను. మొదట నాకు దగ్గొచ్చింది. తర్వాత అత్తగారికి. తర్వాత ఎదురింటి అరుగు మీద ఆసామికి. వీధిలో పోతున్న ఎద్దు కూడా తుమ్మింది. పొగ మా వెనక కిటికీలో నుంచి బయటపడి, దిబ్బ ఎక్కి, గుమ్మడి తీగ దాటి, తిన్నగా చిన్నమామ పురుగుల గదిలోకి దారి తీసింది. ఆ రోజు ఆయన పురుగులు పండి, గూళ్ళు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. పోపు వాసనే పడదంటే మిరపకాయల ఘాటు ఏం పడుతుంది?

ఎప్పుడూ గుసగుసల్లో తప్ప మాట్లాడని చిన్నమామ వీధిలోకి వచ్చి అరిచాడు చూడండి. ఆయనకు అంత గొంతుందని ఆ పేటలో ఎవరికీ తెలియదు.

"చంపేస్తివి గదమ్మా! నా పురుగుల్ని పొగబెట్టి చంపేస్తివి! మనిషివా నువ్వు?"

"మెల్లగా చిన్నమామా, పురుగులు వింటాయి," అన్నాను దగ్గుతూ. నిజంగా సాయం చేద్దామనే అన్నాను.

దాంతో ఆయన ఇంకా రెచ్చిపోయాడు. గలాటా విని మామగారు బజారు నుంచి వచ్చేశారు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకొని తమ్ముడికి ఎదురు నిలబడ్డారు.

"ఏమిరా, నా కోడల్ని అంటావా? నీ దిబ్బ నా గోడకు ఆనించి, నా ఇల్లంతా నానబెట్టి..."

చిన్నమామ టక్కున అరుపు ఆపాడు. మొహం వెలిగిపోయింది.

"ఏమంటివన్నా? నీ దిబ్బ అంటివి గదా? నా దిబ్బ అని ఒప్పుకుంటివి! అందరూ వింటిరి గదప్పా?"

మామగారు నాలుక కరుచుకున్నారు. "నేనట్ల అనలేదు," అన్నారు.

"అన్నావు!"

"దగ్గులో ఏందో వచ్చింటాది."

నాకేమీ అర్థం కాలేదు. అత్తగారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ సంగతి చెప్పారు. మా గోడ అవతల సన్నటి పట్టీలాంటి స్థలం ఉందట. పెద్దవాళ్ళు పంచుకున్నప్పుడు ఆ పట్టీ ఎవరిదో తేలలేదు. ఎరువు చిన్నమామ పురుగులదైనా, అది పడున్న నేల మాది కాబట్టి దిబ్బ కూడా మాదేనని మామగారి వాదన. పట్టుపురుగుల ఎరువంటే ఇక్కడ రైతులకు బంగారం. చిన్నమామ తన ఎరువు తాను ఎత్తుకుపోతే, నేల తనది కాదని ఒప్పుకున్నట్టు. మామగారు ఎత్తిస్తే, ఎరువు దొంగతనం చేసినట్టు. కాబట్టి ఏళ్ళుగా ఇద్దరూ దాని మీద చెయ్యి వేయలేదు. కానీ చిన్నమామ తన హక్కు చెల్లుతోందని చూపించడానికి పంట పంటకూ ఇంకాస్త పోస్తాడు. మామగారు తన హక్కు చూపించడానికి దాని మీద గుమ్మడి విత్తనాలు విసిరారు. ఆ తీగ మాదట! కాయలు మాత్రం ఇంతవరకు ఎవరూ కోయలేదు.

"మరి గోడ, అత్తా?"

"గోడది ఏముండాది మా? అది మనదే. దాంట్లో తగాదా లేదు."

తగాదా లేని వస్తువు ఆ ఇంట్లో నానిపోయినా ఎవరికీ పట్టదు. నా ఫోను మీద కూడా ఎవరికీ తగాదా లేదు, అందుకే అంత తేలిగ్గా బజారుకు పోతోంది. ఆ క్షణంలో నాకు దారి దొరికింది. ఇద్దరిలో ఎవరూ ఎత్తకూడదు, అంతే కదా? నేను ఎత్తకూడదని ఏ పంపకంలోనూ రాసి ఉండదు. వాళ్ళు పంచుకునేటప్పటికి నేను పుట్టనే లేదు.

పురుగులకేమీ కాలేదు. రెండు రోజులు అలిగినట్టు తలలు తిప్పి, మూడోనాడు శుభ్రంగా గూళ్ళు కట్టాయి. చిన్నమామ గూళ్ళు తీసుకొని శిడ్లఘట్ట పోయాడు. అదే పొద్దున మామగారు చింతతోపు చూడ్డానికి అదే దారిలో ఒక పల్లెకు పోయారు. బస్సు మలుపు తిరగ్గానే నేను ఫోను ఎత్తాను. బరబరలో ప్రాణం పెట్టి, మా మండీ పక్క కొట్టు ఫోనుకు మండీ గుమాస్తాను పిలిపించి పట్టుకున్నాను.

"బండ్లు పంపించండి. ఇంటి దగ్గర ఎత్తాల్సిన సరుకుండాది."

బండ్లు వచ్చాయి. బండివాళ్ళు దిబ్బను చూసి నన్ను చూశారు.

"సరుకంటే చింతపండు అనుకుంటిమమ్మా. దీన్ని యాడికి తోలాల?"

"ఒక బండి మా చేనుకు. ఒక బండి చిన్నమామ మల్బరీ తోటకు. మళ్ళీ ఒకటి మాకు, ఒకటి వాళ్ళకు. ముందు ఎవరికని అడగొద్దు. కళ్ళు మూసుకొని ఏదో ఒక బండి తోలండి."

చిన్నమామ భార్య అలికిడికి బయటికొచ్చింది. నేను పమిట బిగించి తగువుకు సిద్ధమయ్యాను. ఆమె దిబ్బను చూసింది, బండ్లను చూసింది, లోపలికి వెళ్ళి పెద్ద తట్ట తెచ్చింది.

"నేనూ ఒక చెయ్యి వేస్తా ఉండు. ఈ కంపుతో నాకు తలనొప్పి పోయిన రోజు లేదు. మీ చిన్నమామకు మాత్రం నేను అడ్డం పడితినని చెప్పు, సరేనా?"

"కాళ్ళు పట్టుకొని ఏడిస్తిరని చెప్తా."

"అంతొద్దు. నమ్మడు."

గుమ్మడికాయలు ఇద్దరం సగం సగం పంచుకున్నాం. దిబ్బ అడుగుకు పోయేకొద్దీ ఎరువు నల్లగా, నీళ్ళు పిండితే కారేలా ఉంది. పొద్దు వాలేసరికి మా గోడ అవతలి ముఖం బయటపడింది. పాపం, ఎన్నేళ్ళయిందో ఎండ చూసి! తడిసి, పాకుడు పట్టి, వేళ్ళు అతుక్కొని, పురిటి నుంచి లేచినదానిలా ఉంది. బండివాళ్ళ చేతనే గోడ పక్కన నీళ్ళు పోవడానికి వాలుగా చిన్న కాలువ తీయించి, దాంట్లో గులకరాళ్ళు పోయించాను.

మగవాళ్ళిద్దరూ ఒకే బస్సులో దిగారు, రెండు వేర్వేరు సీట్ల నుంచి. మామగారు గోడను చూశారు. చిన్నమామ గోడను చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నన్ను తిట్టాలంటే ముందు ఆ ఎరువు తనదని ఒకరు, ఆ నేల తనదని ఒకరు అనాలి, అంటే నీకూ సగం ముట్టింది కదా అని రెండోవాళ్ళు అంటారు. ఎవరు ముందు నోరు తెరుస్తారా అని నేను అరుగు మీద కూర్చొని వక్కపొడి నములుతూ చూశాను.

చివరికి చిన్నమామ అన్నాడు. "నా తోటకు పోయిన బండ్లలో ఎండుపుల్లలే జాస్తి అంట."

"నా చేనుకు పోయింది ఒట్టి నీళ్ళంట," అన్నారు మామగారు.

"అడుగు మట్టంతా నీకే పోయింటాది."

"పైది మంచిది. అది నీకే పోయింటాది."

ఇలా ఎవరి వాటా చెడ్డదో తేల్చుకోవడానికి అక్కడే అరుగు మీద కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చాను. తాగారు.

ఎండలు ముదిరాయి. గోడ రోజుకింత తెల్లబడింది. సిమెంటు కూడా చెక్కించి తీయించేశాను, అందరూ బతిమాలారని. చింతపండు బస్తాలు బజారుకు దిగే రోజుకు గూట్లో పీట కింద చెయ్యి పెడితే పొడిగా, వెచ్చగా ఉంది. మామగారు ఫోను ఎత్తి, మామూలు గొంతుతో రేటు చెప్పి, పెట్టేశారు. ఎదురింటి ఆసామి అరుగు మీద మెడ ఎంత సాచినా ఒక్క ముక్క చెవిన పడలేదు. "ఉండనీలే ఈడనే," అన్నారు మామగారు. నా ఫోను నాకు దక్కింది.

ఆ సాయంత్రం మా ఆయన చేశాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతు నా చెవిలోకి నేరుగా వచ్చింది.

"ఏమే, వినిపిస్తాందా?"

"బాగా వినిపిస్తాంది. చెప్పండి!"

"ఈడ హోటల్లో సాంబారు ఒట్టి నీళ్ళే. నెయ్యి పంపిస్తావా?"

మధ్యలో ఆపరేటరు ఉండబట్టలేక, "ఇంతకు ముందే మేలు గదమ్మా, నేనైతే కొంచెం బాగా చెప్తాంటి," అన్నాడు.

సరే, సాంబారైనా సరే, నాకు నేరుగా చెప్పిన మాట అది. ఇక్కడితో అంతా బాగుండేది. కానీ మర్నాడు సాయంత్రం నేను గూటి కింద కూర్చొని వంకాయలు తరుగుతుంటే చిన్నమామ లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, బంధువుల ఇంటికి వచ్చినట్టు వచ్చి, పొడి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"శిడ్లఘట్టలో గూళ్ళ రేటు కనుక్కోవాల. ఆ ఫోను ఇట్లియ్యమ్మా."

"ఇది మా ఆయన చేసే టైము, చిన్నమామా."

"నా దిబ్బ పోయినందుకే గదా నీ గోడ ఆరింది? నీ గోడ ఆరినందుకే గదా ఫోను ఈడ ఉండాది? అంటే దీంట్లో సగం నాది."

మామగారు అవతలి గది నుంచి, "నీ దిబ్బ అని ఎవడన్నాడురా?" అని అరిచారు. వాళ్ళిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలో ఫోను మోగింది. చిన్నమామ చెయ్యి చాచాడు, మామగారు లోపల నుంచి పరుగెత్తుకొచ్చారు, నేను వంకాయల బుట్ట తన్నేసి అందరికంటే ముందు ఎత్తాను. అప్పటి నుంచి రోజూ ఇదే. ఒకరు గూళ్ళ రేటంటారు, ఒకరు చింతపండంటారు, పైగా పెద్దవాళ్ళ ముందు కోడలు ఆగాలంటారు. గోడ నానుతున్నప్పుడు ఒక్కరూ ముందుకు రాలేదు. దగ్గింది నేను, దిబ్బ తవ్వించింది నేను, బండ్లు తోలించింది నేను. మోగినప్పుడు ఆ ఫోను మొదట నా చేతికే రావాలి. కాదనేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా, ఉంటే నా ముందుకొచ్చి చెప్పగలరా?